స్టీరింగ్ కుయ్యిమంటోందని వెంటనే పంపు మార్చేయకు నాన్నా

ఒరేయ్ నాన్నా,

నీ కారు స్టీరింగ్ సౌండ్ అని నువ్వు పంపిన ఆడియో మూడుసార్లు విన్నా. మెకానిక్ పవర్ స్టీరింగ్ పంపు (స్టీరింగ్ తేలిగ్గా తిరిగేలా ఆయిల్‌ని ప్రెషర్‌తో నెట్టేది) పోయిందన్నాడు, మార్పించేద్దామా బాబాయ్ అని అడిగావు కదా, ఒక్క రెండు రోజులు ఆగు. పంపు పోయుండొచ్చు, కాదనను, కానీ అది ఎందుకు ఏడుస్తోందో చూడకుండా కొత్తది బిగిస్తే నెల తిరక్కుండా కొత్తది కూడా అదే ఏడుపు మొదలెడుతుంది, అది నాకు బాగా తెలుసు, ఎందుకో కింద చెప్తా.

ముందు బానెట్ ఎత్తి స్టీరింగ్ ఆయిల్ డబ్బా ఉందో లేదో చూడు, మూత మీద స్టీరింగ్ బొమ్మ ఉంటుంది. అసలు డబ్బానే లేకపోతే నీది ఎలక్ట్రిక్ స్టీరింగ్ అయ్యుంటుంది, దాంట్లో ఆయిలూ ఉండదు బెల్టూ ఉండదు, మోటారు ఉంటుంది అంతే, అప్పుడు నేను చెప్పేవాటిలో చాలావరకు నీకు పనికిరావు. నువ్వు బెల్టు గురించి అన్నావు కాబట్టి ఆయిల్‌దే అనుకుని రాస్తున్నా.

ఇప్పుడు సౌండ్ సంగతి. బండి ఆపి న్యూట్రల్‌లో పెట్టి కొంచెం రేస్ ఇవ్వు, రేస్‌తో పాటు కుయ్య్ అనే సౌండ్ కూడా పెరుగుతూ, స్టీరింగ్ తిప్పినప్పుడు ఇంకా ఎక్కువవుతుంటే పంపుకి ఆయిల్ సరిగ్గా అందట్లేదు, లేదా ఆయిల్లో గాలి కలుస్తోంది. స్టార్ట్ చేయగానే, లేదంటే ఫుల్ కట్ కొట్టినప్పుడు కీచుమని అరిస్తే అది బెల్టు పని, లూజయి ఉంటుంది లేదా అద్దంలా నున్నగా అరిగిపోయి ఉంటుంది. ఫుల్ కట్‌లో బుస్సుమని వచ్చేది మాత్రం రోగం కాదు, ప్రెషర్ ఎక్కువైతే వాల్వు తెరుచుకుని వదిలే సౌండ్ అది, కాకపోతే అలా చివరిదాకా తిప్పి ఐదు సెకన్లకి మించి పట్టుకోకు, లోపల ఆయిల్ బాగా వేడెక్కిపోతుంది. గుంతల్లో టకటకమంటే దానికీ పంపుకీ సంబంధమే లేదు, స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే టై రాడ్ ఎండ్లు, ర్యాక్ బుష్షులు, ఇంకా సస్పెన్షన్ చూపించు.

నీ ఆడియోలో వినపడింది మొదటిది. రేస్‌తో పెరుగుతోంది.

అందుకే ఇంజిన్ ఆన్‌లో ఉండగానే డబ్బా మూత తీసి టార్చి వేసి లోపలికి చూడు. ఊరికే లెవెల్ చూసి వదిలేయడం కాదు, ఆ ఆయిల్ ఎలా ఉందో చూడు. మంచి ఆయిల్ నిలకడగా ఉంటుంది, అడుగు దాకా కనిపిస్తుంది. పైన సబ్బు నురగ లాగా సన్న బుడగలు తిరుగుతూ, ఎర్రటి ఆయిల్ కాస్తా పాలిపోయినట్టు గులాబీ రంగులో కనిపించిందంటే ఎక్కడో గాలి లాగుతోంది. నల్లగా ఉండి కాలిన వాసన వస్తే ఆయిల్ పాడయింది. చాలా డబ్బాల్లో అడుగున సన్నటి జాలీ ఉంటుంది, అది మడ్డితో మూసుకుపోతే లెవెల్ నిండుగా ఉన్నా పంపుకి ఆయిల్ అందదు. ఇది చాలామంది చూడనే చూడరు.

నాకు ఒకసారి ఇదే జరిగింది. పంపు పోయిందంటే నమ్మి మార్పించుకున్నా, వారంలో మళ్ళీ అదే కుయ్య్. ఒకరోజు తీరిగ్గా కూర్చుని డబ్బా నుంచి పంపుకి వెళ్ళే రబ్బరు పైపుని వేళ్ళతో తడుముతూ వెళ్తే, క్లిప్పు దగ్గర రబ్బరు చెక్కలాగా గట్టిపడి, వెంట్రుకంత పగులు ఇచ్చి ఉంది. బయట ఒక్క చుక్క తడి లేదు! అది లాగే పైపు రా, ఇంజిన్ తిరుగుతుంటే బయటికి కారదు, లోపలికి గాలి పీలుస్తుంది, అందుకే లీకేజీ లేదుగా అని అందరూ వదిలేస్తారు. జానెడు పైపు, ఒక క్లిప్పు మార్చి గాలి తీస్తే సౌండ్ పోయింది. మార్చేసిన పాత పంపు బాగానే ఉండి ఉంటుందని ఇప్పటికీ అనిపిస్తుంది. కాబట్టి నువ్వు ఆ పైపు చూశాకే పంపు గురించి మాట్లాడు.

పైపు బాగానే ఉంటే బెల్టు మీద కొంచెం నీళ్ళు చిలకరించు, సౌండ్ మారితే బెల్టో పుల్లీయో. మారకపోతే పొడుగు స్క్రూడ్రైవర్ కొన పంపు బాడీకి ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుని విను, తర్వాత బ్యాటరీ ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌కి, బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్‌కి కూడా ఆనించి పోల్చుకో, ఎందుకంటే ఆ బేరింగులు పోయినా అచ్చం పంపు లాగే మోగుతాయి. జాగ్రత్త, వదులు చొక్కా వేసుకోకు, ఫ్యాన్‌కీ బెల్టుకీ చెయ్యి దూరంగా పెట్టు, నాకు భయమేసేది అక్కడే.

ఆయిల్ పోయాలంటే మూత మీదో మాన్యువల్‌లోనో ఏది రాసుంటే అదే పొయ్యి. కొన్ని బండ్లకి ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే డెక్స్‌రాన్ ఆయిల్ పోస్తారు, హోండాకి వేరే సొంత ఆయిల్, కొన్ని జర్మన్ బండ్లకి ఆకుపచ్చది, ఎర్రగా ఉందని ఏదో ఒకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు పాడవ్వొచ్చు. లీకేజీ ఆపే మందులు పొయ్యకు, నాకు వాటి మీద నమ్మకం లేదు.

గాలి తీయడం కష్టమేం కాదు. ముందువైపు చక్రాలు రెండూ లేపి స్టాండ్ల మీద పెట్టు, జాకీ మీద మాత్రం వదిలేయొద్దు. ఇంజిన్ ఆఫ్‌లోనే ఉంచి, స్టీరింగ్ లాక్ పడకుండా తాళం మాత్రం తిప్పి, ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా పదిహేను ఇరవై సార్లు తిప్పు, ఇంకొకళ్ళని డబ్బా చూడమను, బుడగలు పైకి వస్తుంటాయి, లెవెల్ తగ్గితే పోస్తూ ఉండాలి. బుడగలు ఆగాకే స్టార్ట్ చెయ్యి. నురగ మిగిలితే ఆపేసి కాసేపు వదిలెయ్, తొందరపడి రేస్ ఇస్తే గాలి ఇంకా కలుస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ఏడిస్తే అప్పుడు పంపే, మార్పించు, కానీ పాత ఆయిలంతా కడిగించి, జాలీ శుభ్రం చేయించి, అవసరమైతే డబ్బా కూడా మార్పించి. ఈలోపు లెవెల్ రోజూ తగ్గుతుంటే బండి తియ్యకు, ఆయిల్ వేడి సైలెన్సర్ పైపు మీద పడితే మంట అంటుకోవచ్చు.

రేపు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి డబ్బా లోపలి వీడియో ఒకటి తీసి పంపు, మూత మీద రాసింది కూడా కనపడేలా. చూసి చెప్తా.

మీ బాబాయ్