స్టూడియో దాటి స్టేజీ ఎక్కబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పింది విన్నాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషంతోనే. ముప్పై ఏళ్లు ఎవరెవరి పాటలకో వాయించి, ప్రోగ్రామింగ్ చేసి, మిక్స్ చేసి, ఇప్పుడు మీ అయిదుగురూ సొంతంగా బ్యాండ్ పెట్టుకుంటామంటున్నారు. ఫోన్లో చెప్పలేకపోయినవి కొన్ని ఉన్నాయి, అవి రాస్తున్నాను.

ముందు నాకు జరిగింది విను. తొంభైల్లో కీబోర్డులు వచ్చి మా కాల్షీట్లు బాగా తగ్గిపోయిన రోజుల్లో, మద్రాసు కోడంబాక్కం స్టూడియోల్లో వాయించే మేం ఆరుగురం కూడా ఇలాగే అనుకున్నాం. స్వరాలు రాసిన నొటేషన్ కాగితం ముందు పెడితే మొదటి టేక్‌లోనే తప్పు లేకుండా వాయించేవాళ్లం. ఇంకేం కావాలి అనుకుని, రెండే రెండు రిహార్సల్స్ చేసుకుని ఒక ఊరి ఉత్సవానికి వెళ్లాం. ఆరుబయట స్టేజీ. గాలికి కాగితాలు ఎగిరిపోకుండా స్టాండ్లకు బట్టల క్లిప్పులు పెట్టాం. రెండో పాటలో జనం చప్పట్లు కొడుతుంటే గాయకుడికి హుషారొచ్చి చరణం చివరి లైను మళ్లీ ఎత్తుకున్నాడు. మా ఆరుగురి కళ్లూ కాగితం మీదే. కాగితంలో ఆ తర్వాత ఉన్నది బీజీఎం, అంటే గొంతు లేకుండా వాయిద్యాలే మోగే భాగం. అందరం కలిసి, కొలిచినట్టుగా, బీజీఎంలోకి వెళ్లిపోయాం. నాలుగు బార్లు, అంటే నాలుగు తాళం చుట్లు అయ్యాక ఆయన పాడటం ఆపి వెనక్కి తిరిగి మా వైపు చూశాడు. ఆ చూపు నేనింకా మర్చిపోలేదు. మాలో ఎవరూ తప్పు వాయించలేదు తమ్ముడూ. ఒక్కరు తలెత్తి ఆయన మొహం చూసి ఉంటే ఆ పాట నిలబడేది.

మీకు ఇది మాకంటే కష్టమవుతుంది. మేం కనీసం పెద్ద హాల్లో అందరం కలిసి కూర్చుని వాయించాం. ఎక్కడో వెనక వరసలో ఒక వయొలిన్ తప్పితే పాట మొత్తం మళ్లీ మొదటి నుంచి. అందుకే పక్కవాడి విల్లు కదలిక కూడా మాకు తెలిసేది. మీరు వచ్చేసరికి ఎవరి బూత్ వాళ్లది, చెవిలో తాళం లెక్క చెప్పే క్లిక్, తప్పు వచ్చిన రెండు బార్లూ మళ్లీ వాయించి పంచ్ చేస్తే, అంటే అతికిస్తే సరిపోయింది. నువ్వు బేస్ గిటార్ వాయించిన పాటల్లో, డ్రమ్స్ వాయించింది ఎవరో కూడా తెలియనివి ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్క పెట్టుకో.

కాబట్టి మొదటి మూడు నెలలు ప్రోగ్రాం గురించి మాట్లాడకండి. ఒక గదిలో చుట్టూ ఎదురెదురుగా నిలబడి వాయించండి. హెడ్‌ఫోన్లు వద్దు, క్లిక్ వద్దు, కాగితం అసలే వద్దు. ముప్పై పాటలు కాదు, పన్నెండు చాలు, కంఠతా రావాలి. ఎవరు తప్పు వాయించినా సరే, ఆపకుండా మొదటి పాట నుంచి చివరి పాట దాకా వెళ్లిపోవాలి. మీ చేతులు తప్పు రాగానే ఆగడానికి అలవాటు పడ్డాయి. ఆ అలవాటు పోవడానికే టైం పడుతుంది. ఫోన్లో రికార్డు చేసుకోండి గానీ ఆ రోజే వినకండి. మర్నాడు పొద్దున వినండి, అప్పటికి ఎవరిమీదా కోపం ఉండదు.

నువ్వు ఎప్పుడూ డ్రమ్మర్‌కి హైహ్యాట్, అంటే కాలితో మూసి తెరిచే జంట తాళాలు ఉన్న వైపు నిలబడు. అక్కడినుంచి అతని కాలూ కనిపిస్తుంది, చెయ్యీ కనిపిస్తుంది. కాలితో కొట్టే కిక్ డ్రమ్ పడబోయే ముందు మడమ కొంచెం లేస్తుంది చూడు, నీ వేలు దాంతో పాటే కదలాలి. చెవి కంటే కన్నే ముందు పట్టుకుంటుంది. ఇది నాకు యాభై దాటాక తెలిసింది, నీకు ఇప్పుడే చెబుతున్నాను.

బయటివాళ్లను చూసినా ఇదే కనిపిస్తుంది. అమెరికాలో మెంఫిస్ ఊళ్లో స్టాక్స్ అనే స్టూడియో ఉండేది, పాత సినిమా హాలును మార్చి కట్టినది. 1962లో అక్కడ రోజూ ఇతరుల పాటలకు వాయించే కుర్రాళ్లు ఖాళీ దొరికి ఊరికే వాయించుకుంటుంటే, యజమాని జిమ్ స్టీవర్ట్ టేప్ తిప్పాడు. బుకర్ టి అండ్ ది ఎంజీస్ అనే బ్యాండ్ అలా బయటికొచ్చింది. లాస్ ఏంజిలిస్‌లో ఇతరుల రికార్డింగులకు వాయించే సెషన్ వాళ్లు 1977లో టోటో అనే బ్యాండ్ పెట్టారు. వాళ్లలో చాలామంది స్కూల్ రోజుల నుంచీ కలిసి వాయించినవాళ్లే. 1983లో వాళ్ల నాలుగో ఆల్బం బలంతో ఒకే రాత్రి ఆరు గ్రామీలు తీసుకున్నారు. మన దగ్గర రెహమాన్ కూడా చిన్న వయసులో సెషన్లకు కీబోర్డు వాయిస్తూనే శివమణి, జాన్ ఆంథొనీ లాంటి స్నేహితులతో రూట్స్ అనే బ్యాండ్‌లో ఉండేవాడు. బ్యాండ్‌కి పేరు పెట్టకముందే ఒకరి ఊపిరి ఒకరికి తెలిసి ఉండటం ఎంత మేలు చేస్తుందో వీళ్లను చూస్తే తెలుస్తుంది.

ఇక రెండో విషయం, నాకు ఎక్కువ బెంగగా ఉన్నది. మీ అయిదుగురిలో ఇద్దరు మ్యూజిక్ ప్రొడ్యూసర్లు, అంటే రికార్డింగ్‌లో పాట ఎలా ఉండాలో తేల్చేవాళ్లు. ఇన్నేళ్లూ స్టూడియోలో ఆఖరి మాట వాళ్లది. లండన్‌లో ట్రెవర్ హార్న్, లాల్ క్రీమ్, స్టీవ్ లిప్సన్ లాంటి హేమాహేమీలు 2006లో ప్రొడ్యూసర్స్ అనే పేరుతో బ్యాండ్ కట్టారు. ఆల్బం 2012లో వచ్చింది. ఆరేళ్లు! ప్రొడ్యూసర్లు నలుగురు చేరితే "ఇంకాస్త బాగు చేద్దాం" అనే మాటకు అంతు ఉండదని నా నమ్మకం. అందుకని ఒక పద్ధతి పెట్టుకోండి. పాటను ఎవరు అరేంజ్ చేస్తే రిహార్సల్‌లో ఆ పాట వరకు వాళ్ల మాటే చెల్లుతుంది. స్టేజీ ఎక్కాక మాత్రం ఒక్కరే. ఎవరైనా ఫర్వాలేదు గానీ ఒక్కరే. పాట సాగదియ్యాలన్నా, ముగించాలన్నా ఆ ఒక్కరి సైగ. గాయని మళ్లీ పల్లవి ఎత్తుకుంటే అందరూ ఆ ఒక్కరి వైపు చూడాలి.

నలభై వయొలిన్ల బీజీఎంను అయిదుగురు ఎలా వాయించాలి అని అడిగావు. అంతా వాయించనక్కర్లేదు. ఏది వదిలేస్తే పాట పాటలా ఉంటుందో వెతకండి, మీ అసలు పని అదే. ల్యాప్‌టాప్‌లోంచి ముందే రికార్డు చేసిన ట్రాక్ వేసుకుందామని మీ కీబోర్డు ఆయన అంటాడు. మొదటి ఏడాది ఒప్పుకోకు. ట్రాక్ పెట్టగానే మళ్లీ చెవిలో క్లిక్ వస్తుంది, మళ్లీ ఎవరి బూత్ వాళ్లదే.

సినిమా పాటలు వాయించేటప్పుడు పాటల హక్కులు చూసే ఐపీఆర్ఎస్ సంస్థ లైసెన్సు మీరు తీసుకుంటున్నారా, నిర్వాహకులా అన్నది ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. 2017లో అమెరికాలో కచేరీలు చేస్తుండగా బాలు గారంతటి వారికి ఇళయరాజా గారి నుంచి ఆయన పాటల హక్కుల విషయంలో లీగల్ నోటీసు వచ్చింది. ప్రతి అయిదు పాటల్లో రెండైనా మీ సొంతవి ఉండేలా చూసుకోండి. మీరు వాయించిన హిట్ పాటలు జనానికి ఇష్టమే, కానీ వాటిలో జనానికి తెలిసిన గొంతు మీది కాదు.

డబ్బు అయిదు సమాన వాటాలు, ఆరో వాటా బ్యాండ్ ఖర్చులకు. ప్రోగ్రాం ఉన్న రోజు పెద్ద సెషన్ కాల్ వస్తే ఏం చేస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి, ఆ రోజు వచ్చాక కాదు. మీ సొంత సౌండ్ ఇంజినీర్‌ను వెంట తీసుకెళ్లండి, అందులో పొదుపు చెయ్యకండి. ఇంకోటి, నీ నడుం సంగతి నాకు తెలుసు. బరువైన ఆంప్లిఫయర్ నువ్వు మొయ్యొద్దు. రాత్రి బస్సులో వచ్చి ఆ సాయంత్రమే వాయించే వయసు దాటిపోయింది, ముందు రోజే చేరుకోండి. చెవులకు ప్లగ్స్ పెట్టుకో. నా కుడి చెవిలో ఇప్పుడు ఎప్పుడూ ఒక సన్నని శృతి మోగుతూనే ఉంటుంది. రాత్రిళ్లు అది చాలా కష్టం తమ్ముడూ.

మొదటి ప్రోగ్రాం చిన్న హాల్లో పెట్టుకోండి, వంద మంది వస్తే చాలు. తేదీ ఖాయమయ్యాక చెప్పు, మీ వదినతో కలిసి వస్తాను. నాకు ముందు వరసలో కుర్చీ వెయ్యకు. సౌండ్ బోర్డు పక్కన వెయ్యి. అక్కడినుంచి మీరు సరిగ్గా వినిపిస్తారు, నువ్వు తలెత్తావో లేదో కూడా కనిపిస్తుంది.

ఆశీస్సులతో,
అన్నయ్య