నాటక సమాజాన్ని భుజాన వేసుకున్న మేనకోడలికి

అమ్మడూ,

మన ఊరి నాటక సమాజానికి నిన్ను కార్యదర్శిని చేశారని నీ మెసేజ్ చూసి, పడుకున్న మీ అత్తయ్యని లేపి మరీ చెప్పాను. ఫోన్లో అయితే సగం మర్చిపోతాను, అందుకే ఉత్తరం రాస్తున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ సమాజం రశీదు పుస్తకం నా చంకలో ఉంది. ఎవరు ఇస్తారు, ఎవరు ఇవ్వరు, ఎందుకివ్వరు అన్నది నాకు కొంత తెలుసు.

దాతలకి పంపుదామని నువ్వు రాసిన విజ్ఞప్తి చదివాను. భాష బాగుంది. కానీ "అంతరించిపోతున్న కళను కాపాడండి" అన్న మొదటి వాక్యం కొట్టెయ్. ఆ మాట విన్నవాళ్లు "నిజమేనండీ, పాపం" అంటారు, టీ ఇప్పిస్తారు, అక్కడితో సరి. వాళ్ల తప్పేం లేదు. తామేం చెయ్యాలో వాళ్లకి తెలీదు, మనమూ చెప్పలేదు. పైగా తెల్లవార్లూ గొంతెత్తి పద్యం పాడగల మనిషిని మంచం పట్టిన రోగిలా చూపిస్తున్నాం. అది నాకు అసలు నచ్చదు.

నేనూ ఆ పని చేసినవాణ్నే. ఒకసారి జిల్లా కేంద్రంలో ఒక అధికారి దగ్గరికి ఏడుగురం వెళ్లాం. నాలుగు పేజీల అర్జీ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో సురభి నాటక కుటుంబం వాళ్లు మొదటి నాటకం ఆడిన దగ్గర్నుంచి, 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన దగ్గర్నుంచి అంతా రాశాం. ఆయన ఓపిగ్గా చదివారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇంతకీ నన్నేం చెయ్యమంటారు?" అన్నారు. ఏడుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బస్సులో తిరిగొస్తుంటే ఎవరూ మాట్లాడలేదు. మరుసటి ఏడు ఒకే పేజీ రాశాం, ఒకే కోరిక: మన సమాజం ఏటా జరిపే నాటకాల పండుగ, అదే మన పరిషత్తు, ఆ మూడు రాత్రులకి మున్సిపల్ హాలు అద్దె మాఫీ. కిందటేడు ఎంత అద్దె కట్టామో రశీదు జత చేశాం. వారం రోజుల్లో పని అయింది.

అప్పటినుంచి నేను కళ కోసం అడగటం మానేశాను. ఫలానా రాత్రికి, ఫలానా ఖర్చు, ఇంత అని అడిగాను. నువ్వూ ముందు ఆ కాగితం తయారు చెయ్. హార్మోనిస్టుకి ఎంత, తబలాకి ఎంత, మేకప్‌కి ఎంత, డ్రెస్సుల అద్దె, లైట్లు, మైకు, వ్యాను డీజిలు, నలభై మందికి రాత్రి భోజనం. అంకెలు నిజంగా ఉండాలి, బేరం కోసం పెంచకు. ఆ కాగితం పట్టుకుని వెళ్తే ఎలక్ట్రికల్ షాపాయన లైట్ల దగ్గర వేలు పెడతాడు, బియ్యం కొట్టాయన భోజనాల దగ్గర. బస్టాండు దగ్గర టీకొట్టు ఆయన పద్దెనిమిదేళ్లు మన రిహార్సల్స్‌కి రోజూ ఒక ఫ్లాస్కు టీ పంపాడు, ఒక్క రూపాయి తీసుకోలేదు. లెక్క కడితే మన ఊళ్లో అందరికంటే పెద్ద దాత ఆయనే. ఆహ్వాన పత్రికలో ఆయన పేరు పైన వేయించు, నేను ఆ పని చాలా ఆలస్యంగా చేశాను.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఏ ఏడూ తప్పకు. ఒక ఏడాది చివరి రాత్రి కాటి సీను అయ్యేసరికి మూడు దాటింది. జనం లేచి వెళ్లిపోయారు. నేను కుర్చీలు లెక్కపెట్టిస్తున్నాను. స్కూలు మెట్ల మీద హార్మోనిస్టు పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. "ఇంకా వెళ్లలేదేం?" అన్నాను. "కోశాధికారి గారు పొద్దున్నే రమ్మన్నారండి, పొద్దుటి దాకా ఎక్కడుండాలో తెలీక కూర్చున్నా" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన నా వంక చూడలేదు, పెట్టె మీద దుమ్ము తుడుస్తున్నాడు. ఆ రాత్రి నా జేబులో ఉన్నది ఇచ్చి మా ఇంటికి తీసుకెళ్లాను. మర్నాడే నియమం పెట్టాం: తెర లేచే ముందే ప్రతి కళాకారుడి పేరుతో కవరు సిద్ధంగా ఉండాలి, మేకప్ తుడుచుకునే లోపు చేతికి అందాలి. డబ్బు చాలకపోతే రెండో రాత్రి రద్దు చేద్దాం, బాకీ మాత్రం పెట్టొద్దు. సమాజానికి పేరు తెచ్చేది ఇదే. కళాకారులు ఊరూరా తిరుగుతారు. ఎక్కడ డబ్బు సరిగ్గా ఇస్తారో వాళ్లే చెప్పుకుంటారు.

కాగితాల సంగతి. నీకు చదువుంది, నాకంటే బాగా చేస్తావు. సొసైటీ రిజిస్ట్రేషన్ మనకి ముందే ఉంది, ఏటా జాబితాలు, లెక్కలు దాఖలు చెయ్యడం ఆపకు. ఆదాయపు పన్ను శాఖ నుంచి 12ఏ, 80జి అని అందరూ పిలిచే రిజిస్ట్రేషన్లు తీసుకోమని ఆడిటర్‌కి చెప్పు. అవి వచ్చాక దాతకి పన్ను మినహాయింపు ఉందని చెప్పొచ్చు. ఒక మాట దాచొద్దు: 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకీ రాదు. ముందే చెప్పేస్తే మనమీద నమ్మకం పెరుగుతుంది. తర్వాత తెలిస్తే మరుసటి ఏడు గేటు దగ్గరే ఆగిపోతావు.

అమెరికాలో ఉన్న మన ఊరి పిల్లల గురించి అడిగావు. వాళ్లకి నాటకం మీద ప్రేమ ఉంది, వీడియో కాల్‌లో పద్యం వింటూ ఏడ్చినవాళ్లని చూశాను. కానీ డబ్బు తీసుకునే ముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో అడుగు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే వస్తుంది, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా అది తీసుకోకూడదు. మన పిల్లాడేగా, ఐదు వేలేగా అని తీసుకుంటే తర్వాత సమాజం ఖాతాకే ఇబ్బంది. అలాంటివాళ్లని వేరే సాయం అడుగు. పాత ప్రదర్శనల క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించడం లాంటిది.

కంపెనీల దగ్గరికీ వెళ్లు. ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతుంది. అది బడులకీ ఆస్పత్రులకే అనుకుంటారు చాలామంది మేనేజర్లు. ఆ చట్టంలోని ఏడో షెడ్యూల్లో సంప్రదాయ కళల మాట స్పష్టంగా ఉంది. ప్రింటు తీసి ఆ లైను కింద గీత గీసి పట్టుకెళ్లు. మన వైపు నుంచి ఆ సామాజిక బాధ్యత నిధులు తీసుకోవడానికి నమోదు చేసుకునే సీఎస్‌ఆర్-1 ఫారం, మూడేళ్ల పని చూపించే కాగితాలు అడుగుతారు.

ఇక వృద్ధ కళాకారులు. సమాజం అంటే పరిషత్తు మూడు రాత్రులు మాత్రమే కాదు అమ్మడూ. రాష్ట్రం ఇచ్చే కళాకారుల పింఛను ఉంది, అరవై నిండిన పేద కళాకారులకి కేంద్ర సంస్కృతి శాఖ నెలకి 6,000 వరకు ఇచ్చే పథకం ఉంది. వాటికి అప్లికేషన్ పెట్టాలంటే కళాకారుడినని రుజువు చూపించాలి. జీవితమంతా బుర్రకథ చెప్పిన మనిషి దగ్గర రుజువేం ఉంటుంది? మన పక్క ఊళ్లో ఒకాయన కోసం నేను ట్రంకుపెట్టె తెరిపిస్తే, చెదపురుగులు తిన్న కట్టలో మూడు కరపత్రాలు మిగిలాయి. ఒకదాని మీద ఆయన పేరు సగమే ఉంది. తారీకు, ఊరు పేరు మాత్రం దక్కాయి. ఆ మూడూ, గుళ్లో జాతరకి పిలిచిన పెద్దల చేత రాయించిన ఉత్తరమూ జతచేసి పంపాం. పింఛను వచ్చిన నెల ఆయన నాకు ఒక డజను అరటిపళ్లు తెచ్చాడు. అందుకే చెబుతున్నాను, ప్రతి ప్రదర్శనకీ కరపత్రం వేయించు, అందులో తబలా అతని పేరు, మేకప్ అతని పేరు కూడా ఉండాలి. ప్రతి ఒక్కరికీ సంతకం, తారీకు ఉన్న సర్టిఫికెట్ ఇవ్వు. ఒక ఫోటో తీసి వాళ్ల ఫోనుకే పంపు. కలెక్టరేట్ మెట్లు ఎక్కి గట్టిగా మాట్లాడటం కంటే ఈ పని కళాకారుడికి ఎక్కువ ఉపయోగపడుతుందని నా అనుభవం.

రాజకీయ నాయకుల విషయంలో టెన్షన్ పడకు. అన్ని పార్టీల వాళ్లనీ పిలువు, ఒకే వరుసలో కూర్చోబెట్టు, వేదిక మీద మాత్రం ఎవరి బ్యానరూ వద్దు. ఏమీ అడగాల్సిన పని లేనప్పుడు కూడా ఒకసారి వెళ్లి ప్రదర్శన ఎలా జరిగిందో చెప్పిరా. మున్సిపాలిటీ బడ్జెట్ తయారయ్యే ముందు కౌన్సిలర్లని కలువు, తయారయ్యాక వెళ్తే సానుభూతి తప్ప ఏమీ మిగలదు.

సన్మానాలు తగ్గించు. ఈ మాట చాలామందికి కోపం తెప్పిస్తుంది, అయినా చెబుతున్నాను. మన సభల్లో శాలువాలు కప్పేసరికే తొమ్మిదిన్నర అవుతుంది. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 తర్వాత బయట మైకు పెట్టకూడదు. పండుగలకీ సాంస్కృతిక సందర్భాలకీ ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం వెసులుబాటు ఇవ్వొచ్చు, ఆ అనుమతి ముందే రాతపూర్వకంగా తెచ్చుకో. మా రోజుల్లో తెల్లవార్లూ నడిపించాం, ఇప్పుడు కుదరదు. ఇరవై నిమిషాల్లో సభ ముగించి తెర ఎత్తించు. దాతలు నాటకం మొదలయ్యాక కూడా కూర్చుంటే వాళ్లకి అదే గౌరవం.

ఆడవాళ్లు రావట్లేదని నువ్వు రాశావు. నాటకం నచ్చక కాదమ్మా. గ్రౌండులో బాత్రూమ్ లేదు, ఇంటికి వెళ్లే దారిలో లైటు లేదు. ఆ సంగతి నాకు పదిహేనేళ్లకి గానీ అర్థం కాలేదు, అదీ మీ అత్తయ్య చెబితేనే. స్కూలు హెడ్మాస్టర్‌ని అడిగి ఆ మూడు రాత్రులు ఆడపిల్లల బాత్రూమ్‌ల తాళాలు తీయించు, దారి పొడుగునా నాలుగు ట్యూబ్‌లైట్లు కట్టించు. ఈ ఖర్చు కూడా కాగితంలో రాయి, దీనికి డబ్బిచ్చేవాళ్లు తప్పక దొరుకుతారు.

లెక్కలు పరిషత్తు అయిన పది రోజుల్లో గుడి గోడ మీద అంటించు. ఎవరెంతిచ్చారో, ఏది దేనికి పోయిందో, లోటుంటే లోటు కూడా. రెండొందలు ఇచ్చినవాడి పేరు కూడా ఉండాలి. మొదటిసారి అంటించినప్పుడు జనం ఆగి ఆగి చదివారు. మరుసటి ఏడు చందాకి వెళ్తే ఒకాయన, "గోడ మీద నా పేరు తప్పు పడింది, ఈసారి సరిగ్గా రాయండి" అని ఐదొందలు చేతిలో పెట్టాడు.

కరపత్రాల ట్రంకుపెట్టె తాళం ఈ కవర్లోనే పెడుతున్నాను. పెట్టె స్కూలు స్టోర్ రూములో, పాత తెరల కింద ఉంది. 2009 నుంచి ఉన్నవి ఏడాది వారీగా కట్టలు కట్టాను, అంతకు ముందువి అన్నీ కలిసిపోయి ఉన్నాయి. దసరాకి నేనొస్తాను, ఇద్దరం కూర్చుని సర్దుదాం. ఈలోగా కలరా ఉండలు మాత్రం మార్చు.

ఆశీస్సులతో,
నీ మావయ్య