ఇద్దరం బడికి పోతే కోళ్లను ఎవరు చూస్తారు?

మేడమ్, భార్యాభర్తలిద్దరూ టీచర్లం, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, నాలుగు నాటుకోళ్లు పెంచుకోగలమా అని అడిగారు కదా. పెంచుకోవచ్చు. నేను గుత్తి దగ్గర ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను, మా ఇంట్లో ఆరేళ్లుగా కోళ్లున్నాయి.

మేతతో పెద్ద పని లేదు. పొద్దున ఆరింటికి గూడు తీసి, గుప్పెడు జొన్నలు చల్లి నీళ్లు పెడతాను. మిగతాది దొడ్లో అవే ఏరుకుంటాయి. చీకటి పడే వేళకు గూటికి చేరితే, లెక్కపెట్టి తలుపేయడం మా చిన్నోడి పని. ఒకటి తగ్గిందంటే అది దొరికేదాకా అన్నం ముట్టడు. గూట్లో శెనక్కాయ పొట్టు పరిస్తే తడి పీల్చుకుంటుంది, వాసన రాదు. ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఒంటిపూట బడులే కాబట్టి, మధ్యాహ్నం వచ్చి నీళ్లు మార్చి గూటి మీద తడి గోనెసంచులు కప్పుతాను.

అసలు భయపడాల్సింది కొక్కెర తెగులుకు, అంటే కోళ్లకు అంటుకునే రాణిఖేత్ అనే వైరస్ జబ్బుకు. 2022 వేసవిలో పరీక్షల టెన్షన్‌లో పడి టీకా వాయిదా వేశాను. ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి పొదుగుతున్న నల్లపెట్ట గుడ్లు వదిలి మూలన ముడుచుకుంది. రెక్కలు వాలిపోయాయి, మెడ పక్కకు తిరిగింది, కింద పచ్చటి రెట్ట. గుడ్లు చేతిలోకి తీసుకుంటే చల్లగా ఉన్నాయి. 21 రోజులకు పిల్లలు కావాలి, అప్పటికి 18 రోజులైంది. వారంలో 11 కోళ్లు పోయాయి. మా పిల్లలు ఖాళీ గంప పక్కనుంచి లేవలేదు. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధేస్తుంది. ఆ తెగులు వచ్చాక దానికి మందు లేదు.

అందుకే కోడిపిల్లలకు ఏడో రోజున లసోటా అనే టీకా చుక్క కంట్లో వేయిస్తాం, ఎనిమిదో వారంలో అదే తెగులుకు ఆర్‌టుబి అనే టీకా సూది. సీసాలో సాధారణంగా 100 డోసులుంటాయి, కలిపాక రెండు గంటల్లోపే వాడేయాలి. నాలుగు కోళ్లకోసం సీసా తెరవడం దండగని వీధంతా కలిశాం. ఆదివారం పొద్దున్నే పశువుల ఆసుపత్రి నుంచి ఐసు వేసిన ఫ్లాస్కులో తెస్తాం. అందరూ గంపలతో వస్తారు, మా అత్తమ్మ కోడిని రెండు రెక్కలూ కలిపి కదలకుండా పట్టుకుంటుంది.

ముందు రెండు పెట్టలు, ఒక పుంజుతో మొదలుపెట్టండి. అవి కొనే ముందే మీ వీధిలో ఇంకెవరికి కోళ్లున్నాయో కనుక్కోండి.