కెపాసిటర్లు కొనే ముందు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

వర్క్‌షాపు బాధ్యత నువ్వే తీసుకున్నావని, కరెంటు బిల్లులో పవర్ ఫ్యాక్టర్ (లైను నుంచి లాగినదానిలో నిజంగా పనికి వచ్చే వంతు) తగ్గినందుకు జరిమానా చూసి, దాన్ని సరిచేసే కెపాసిటర్లు కొనబోతున్నావని మీ నాన్న చెప్పాడు. కట్టవలసిన మొత్తం మాత్రమే చూసి ఊరుకోకుండా బిల్లు ఆసాంతం చదివావని విని పొంగిపోయాను. వెంటనే కొనేస్తున్నావని విని అంతే కంగారుపడ్డాను.

లెక్క నీకు తెలిసినదే. 100 కిలోవాట్ల లోడుకు పవర్ ఫ్యాక్టర్ 0.7 అయితే లైను నుంచి మొత్తం దాదాపు 143 కేవీఏ లాగుతావు, 0.95కు తెస్తే 105 చాలు, అందుకు సుమారు 69 కేవీఏఆర్ (కెపాసిటర్ల సామర్థ్యపు కొలత) కెపాసిటర్లు కావాలి.

నా భయం అక్కడ కాదు. నేను పనిచేసిన ఒక కర్మాగారంలో జరిమానా పడినప్పుడల్లా యజమాని ఇంకొక కెపాసిటర్ పెట్టించేవారు. సాయంత్రం మోటార్లన్నీ ఆపేసినా ఆ కెపాసిటర్లు మాత్రం తెల్లవార్లూ లైనులోనే ఉండేవి. పగలు మోటార్ల ల్యాగింగ్ కరెంటును (వోల్టేజి కంటే వెనకబడేది) సరిచేసిన ఆ కెపాసిటర్లే రాత్రి సరిచేయడానికి ఏమీ లేక లీడింగ్ కరెంటు (వోల్టేజి కంటే ముందుండేది) లాగేవి. అక్కడి మీటరు ల్యాగ్‌నూ లీడ్‌నూ కూడా కేవీఏహెచ్‌లో (గంటల లెక్కన లాగిన మొత్తం కేవీఏ) కలిపే రకం. నెల సగటు పవర్ ఫ్యాక్టర్ అంటే కేడబ్ల్యూహెచ్‌ను (నిజంగా పనికి వాడిన యూనిట్లు) కేవీఏహెచ్‌తో భాగిస్తే వచ్చేదే కనుక, రాత్రంతా పైఅంకె దాదాపు కదలకుండా కిందిఅంకె పెరుగుతూ పోయి, పగలు సంపాదించిన మేలునంతా మింగేసేది. జరిమానా తగ్గలేదని ఆయన మరికొన్ని తెప్పించారు, అది ఇంకా పెరిగింది. చివరికి ఒక రాత్రి ఎలక్ట్రీషియన్ మెయిన్ కేబుల్‌కు క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే, ఒక్క యంత్రమూ తిరగని షెడ్డులో పదుల ఆంపియర్ల కరెంటు కనిపించింది. అన్నేళ్లు ఆ డబ్బు ఊరికే పోయిందన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు తల్లీ.

కాబట్టి ముందు మీ మీటరులో వేళవారీగా నమోదైన లెక్క, అంటే లోడ్ సర్వే, తీయించి, ఏ వేళ పవర్ ఫ్యాక్టర్ పడిపోతోందో చూడు. లోడు మారుతూ ఉంటే, దాన్ని బట్టి కెపాసిటర్లను తానే కలిపి తీసే ఆటోమేటిక్ ప్యానెల్ పెట్టించు. దాని సీటీ (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్) గుండా యంత్రాల కరెంటూ కెపాసిటర్ల కరెంటూ రెండూ వెళ్లాలి, లేకపోతే ప్యానెల్ గుడ్డిదవుతుంది. మోటారు వేగం మార్చే వేరియబుల్ స్పీడ్ డ్రైవ్‌లు ఉంటే హార్మోనిక్స్ (కరెంటు తరంగంలో వచ్చే వంకరలు) కొలిపించకుండా మామూలు కెపాసిటర్లు పెట్టవద్దు, డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య అసలే పెట్టవద్దు. సగం లోడు కూడా లేకుండా తిరిగే ఆ పెద్ద మోటారు సంగతి మీ నాన్నకు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. పవర్ ఫ్యాక్టర్ పాడయ్యేది అలాంటి వాటివల్లే, నువ్వైనా దాన్ని మార్పించు.

ఒక్క మాట మాత్రం ఎన్నడూ మరవకు. స్విచ్ ఆపినా కెపాసిటర్‌లో చార్జి నిలిచి ఉంటుంది. ఆ చార్జిని ఖాళీ చేసే డిశ్చార్జ్ రెసిస్టర్ ఉందికదా అని నమ్మవద్దు, అది తెగిపోయి ఉండవచ్చు. కనీసం ఐదు నిమిషాలు ఆగి, మీటరుతో వోల్టేజి చూసుకున్నాకే ఎవరైనా టెర్మినల్ ముట్టుకోవాలి. ఆ పని ఎలక్ట్రీషియన్‌దే, నువ్వు చేయి పెట్టవద్దు. నీ మొండితనం తెలుసు కనుకే ఇంతగా చెబుతున్నాను.

లోడ్ సర్వే కాగితాలు రాగానే నాకు పంపు. నేను చూసి చెప్పేదాకా ఆర్డరు ఇవ్వవద్దు.

ఇట్లు,
పెదనాన్న