ఆరువేల డాలర్ల 'ఫాలోయింగ్': మీ ప్రశ్నలు, మా జవాబులు

క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా 'ఫాలోయింగ్' గురించి పోయిన సంచికలో ఒకరికి నాలుగు లైన్లలో జవాబిచ్చాం. దాని ఫలితంగా ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు చాలావరకు దాని మీదే. సరే, ఈ సంచిక పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాం. సినిమా చూడనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు: 1998లో వచ్చింది, లండన్‌లో తీశారు, బ్లాక్ అండ్ వైట్, నిడివి 70 నిమిషాలకు అటూ ఇటూ. పనీపాటా లేని ఒక కుర్రాడు, రచయితని అయిపోదామనే ఊహలో ఉంటూ, రోడ్డు మీద కనబడ్డవాళ్లను ఊరికే వెంబడిస్తుంటాడు. వాళ్లలో కాబ్ అనే సూటు మనిషి ఒకరోజు ఇతన్ని కాఫీ షాపులో పట్టేసుకుని ఎదురుగా కూర్చుంటాడు. వాడో దొంగ. ఇద్దరూ కలిసి పరాయి ఇళ్లలో దూరడం మొదలుపెడతారు, ఆ తర్వాత ఒక అమ్మాయి, ఒక బట్టతల గూండా, ఒక సుత్తి. ఇంతకు మించి కథ చెప్పం. క్లైమాక్స్ అడుగుతూ రాసినవాళ్లకు జవాబులు రావు.

ఈ సినిమాకి 6,000 డాలర్లే అయ్యాయంటారు. నిజమేనా, లేక పబ్లిసిటీ కోసం చెప్పుకునే కథా?
— బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

నిజమేనండీ. అప్పటి రేటు ప్రకారం మన లెక్కలో రెండున్నర లక్షల రూపాయలు. కాకపోతే ఆ అంకెలో జీతాలు లేవు. నటించినవాళ్లు, తీసినవాళ్లు అందరూ స్నేహితులు, వారమంతా వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, అందుకని శనివారాలే షూటింగు, అలా దాదాపు ఏడాది. నోలనే రాశాడు, నోలనే డైరెక్ట్ చేశాడు, కెమెరా కూడా ఆయనే పట్టుకున్నాడు, ఎడిటింగులోనూ చెయ్యి వేశాడు. హీరోగా వేసిన జెరెమీ థియోబాల్డ్ నిర్మాతల్లో ఒకడు. ఇంకొక నిర్మాత ఎమ్మా థామస్, నోలన్ భార్య, ఇవాళ్టికీ ఆయన సినిమాలకు నిర్మాత ఆవిడే. పోలీసాయనగా వేసింది నోలన్ బాబాయి జాన్ నోలన్. అంటే ఖర్చు చాలావరకు 16 ఎంఎం ఫిల్ముకీ, దాన్ని కడిగించడానికీ అయింది. అందుకే ప్రతి సీనూ నాటకంలాగా ముందే రిహార్సల్ చేసుకుని వచ్చి, ఒకటో రెండో టేకుల్లో ముగించేవాళ్లు. మూడో టేకంటే డబ్బులు కదా.

అసలు ఈ సినిమాలో అంత మెచ్చుకోవాల్సింది ఏముంది? తక్కువ డబ్బుతో తీయడం ఒక్కటేనా?
— డిగ్రీ విద్యార్థిని, వరంగల్

మంచి ప్రశ్న అమ్మా. అభిమానులు చాలామంది ఆ 6,000 అంకెకే వీరతాళ్లు వేస్తారు, అక్కడే నాకు చిరాకు. తక్కువ డబ్బుతో తీసిన సినిమాలు ప్రపంచంలో బోలెడు, చాలావాటిని చూస్తుంటే డబ్బు లేదని తెలిసిపోతుంటుంది. ఇందులో తెలియదు. ఎందుకంటే చేతిలో లేనిదాన్ని దాచిపెట్టే పని నోలన్ చెయ్యలేదు, చేతిలో ఉన్నవాటికి సరిపోయే కథే రాసుకున్నాడు.

ఒక్కసారి ఆలోచించు. సెట్టు వేసే స్థోమత లేదు, అయితే దొంగల కథ. దొంగలు వెళ్లేది మామూలు ఇళ్లకే, కాబట్టి తెలిసినవాళ్ల ఇళ్లు ఉన్నవి ఉన్నట్టు పనికొస్తాయి, పైగా ఆ ఇంట్లో ఉండే పుస్తకాలు, క్యాసెట్లు, ఆరేసిన బట్టలు, అవన్నీ కథకి కావాల్సిన వివరాలే అయ్యాయి, ఎందుకంటే కాబ్ చేసేదే వాటిని చూసి ఆ ఇంటివాళ్లు ఎలాంటివాళ్లో చెప్పడం. లైట్లు లేవు, కిటికీలోంచి వచ్చే వెలుగుతోనే చాలావరకు లాగించారు. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి రంగులు కలవలేదన్న గొడవే లేదు, నీడలు పడితే ఇంకా మంచిది. ట్రాలీలు లేవు, కెమెరా భుజం మీదే, మరి కథే వెంబడించడం గురించి అయితే కెమెరా ఊగడంలో తప్పేముంది? హీరోకి డిజైనర్ బట్టలు లేవు, వాడు నిరుద్యోగి. శనివారాల మధ్య వారాలు గడిచిపోతుంటే మొహాలు, వాతావరణం మారిపోతాయి, కథని ముక్కలు చేసి ముందుకీ వెనక్కీ పేర్చాక ఆ తేడాలు ఎవరు పట్టుకుంటారు? 1940ల్లో అమెరికాలో తీసిన చవక క్రైమ్ సినిమాల్లో కూడా చీకటి చాలాచోట్ల ఇలాగే పనికొచ్చింది, వెనకాల సెట్టు లేదని జనానికి తెలియకుండా. నోయిర్ అని ఇవాళ మనం గొప్పగా చెప్పుకునే ఆ స్టైల్లో కొంత కళ ఉంది, కొంత కరెంటు బిల్లు ఉంది.

రెండుసార్లు చూశాను, ఏది ముందు ఏది వెనక అర్థం కాక బుర్ర వేడెక్కింది. ఏదైనా కిటుకు చెప్పండి.
— టీచరు, అనంతపురం

హీరో మొహం చూడండి మాస్టారూ, అదే గడియారం. జుట్టు పెంచుకుని, నలిగిన బట్టల్లో మాసిపోయినట్టు ఉంటే అది మొదటి దశ. జుట్టు కత్తిరించుకుని సూటులో నున్నగా ఉంటే తర్వాతిది. కన్ను వాచి, పెదవి చిట్లి ఉంటే ఇంకా తర్వాతిది. సినిమా ఈ మూడిటి మధ్యా గెంతుతూ ఉంటుంది, ఎక్కడా కింద తేదీ వెయ్యదు, డైలాగులో చెప్పదు. దెబ్బలు తిన్న మొహం మనకి చాలా ముందే చూపించేస్తాడు, అప్పట్నుంచి వీణ్ణి కొట్టిందెవరు అన్నది మన మనసులో నడుస్తూనే ఉంటుంది, పక్కన వేరే సీను జరుగుతున్నా సరే. 2012లో క్రైటీరియన్ అనే డిస్కుల కంపెనీ వాళ్లు తెచ్చిన డిస్కులో కథని వరుసగా పేర్చిన ఎడిట్ కూడా ఉంది. దొరికితే చూడండి, కానీ రెండోసారికే. వరసలో పెట్టేస్తే అదొక మంచి మోసం కథ అవుతుందంతే, కూర్చున్నచోట కదలకుండా చేసేది మాత్రం ఈ గెంతులే అని నా అభిప్రాయం.

కాబ్ డబ్బు కోసం దొంగతనం చెయ్యడు కదా. మరి ఎందుకు చేస్తాడు?
— పేరు వద్దన్నారు, హైదరాబాద్

ఈ సినిమాలో నాకు బాగా నచ్చింది ఇదే. వాళ్లు దూరిన మొదటి ఇంట్లో కాబ్ ఒక పెట్టె వెతుకుతాడు. ప్రతివాళ్లకీ ఒక పెట్టె ఉంటుందట, ఫోటోలు, ఉత్తరాలు, ఎందుకూ పనికిరాని చిన్న చిన్న వస్తువులు దాచుకునేది. అది తెరిచి నేల మీద పోసేస్తాడు. వస్తువు పోయినప్పుడే దాని విలువ మనిషికి తెలుస్తుంది కాబట్టి తాను వాళ్లకి ఉపకారమే చేస్తున్నానన్నట్టు మాట్లాడతాడు, మనకి ఒళ్లు మండుతుంది, అయినా వినాలనిపిస్తుంది. అలెక్స్ హా అనే ఆయన ఈ పాత్ర చేశాడు, ఆ గొంతులో మర్యాద, అహంకారం రెండూ ఒకే కొలతలో ఉంటాయి. నోలన్ ఉంటున్న ఫ్లాట్‌లో ఒకసారి దొంగలు పడ్డారు, ఈ కథకి బీజం అక్కడ పడింది. మన ఇంట్లో తెలియనివాడు తిరిగాడు, మన సామాను ముట్టుకున్నాడు అన్న ఆ ఇబ్బందే సీనంతా ఉంటుంది. పోయిన సొమ్ము సంగతి ఎవరూ తలుచుకోరు.

హీరో గది తలుపు మీద బ్యాట్‌మ్యాన్ బొమ్మ నిజంగా ఉందా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

ఉంది. నోలనే తీసిన 'బ్యాట్‌మ్యాన్ బిగిన్స్' 2005లో వచ్చింది, ఇది దానికి ఏడేళ్ల ముందు సంగతి. జోస్యం అనకండి, కుర్రాళ్ల గది తలుపు మీద ఉండే స్టిక్కరు. 2010లో వచ్చిన నోలన్ సినిమా 'ఇన్‌సెప్షన్'లో హీరో పేరు కాబ్ కావడం గురించి కూడా చాలామంది అడిగారు. అవును, అక్కడా పరాయివాళ్ల కలల్లోకి దూరే దొంగే.

నోలన్ పేరు లేకపోతే ఈ సినిమా ఎవరైనా చూస్తారా? నటన ఔత్సాహిక నాటకంలాగే ఉంది. నిజాయితీగా చెప్పండి.
— రిటైర్డ్ ఇంజనీర్, చెన్నై

నిజాయితీగానే చెబుతానండీ. లోపాలున్నాయి. బట్టతల గూండా పాత్ర పైపైనే ఉంది. అమ్మాయి పాత్రలో లూసీ రసెల్ బాగా చేసింది గానీ, ఆ పాత్రని పాత నోయిర్ల అచ్చులోంచి తీసి పెట్టేశారు, ఆమెకంటూ ఒక పేరు కూడా లేదు. ఆఖరి పది నిమిషాల్లో ముడులన్నీ మరీ చక్కగా విడిపోతాయి, జీవితంలో ఏ కుట్రా అంత పద్ధతిగా సాగదు. కానీ మొదటి మాట మాత్రం ఒప్పుకోను. 1999లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఈ సినిమాకి టైగర్ అవార్డు ఇచ్చారు, అప్పటికి నోలన్ రెండో సినిమా 'మెమెంటో' ఇంకా రాలేదు, నోలన్ అంటే ఎవరో బయట ఎవరికీ తెలియదు. పేరు చూసి ఇచ్చే అవకాశమే లేదు. ఇక థియోబాల్డ్ నటన అంటారా, ఆ తడబాటు ఆ పాత్రకి కుదిరింది. అతను ఎంత తెలివైనవాడినని అనుకుంటాడో అంత తెలివైనవాడు కాదన్న సంగతి మనకి ముందే తెలియాలి, అతనికి ఆఖరికి తెలియాలి.

మెమెంటోకీ గజినీకీ సంబంధం ఉందంటారు. అలాగే ఫాలోయింగ్ మన దగ్గర ఎవరైనా తీశారా?
— షాపు యజమాని, నెల్లూరు

మతిమరుపు, ఒంటి మీద పచ్చబొట్లు, పోలరాయిడ్ ఫోటోలు, ఇవన్నీ 'గజినీ'కి 'మెమెంటో' నుంచే వచ్చాయి, అది తెలిసిన కథే. 'ఫాలోయింగ్' జోలికి మాత్రం ఎవరూ వెళ్లినట్టు నా దృష్టికి రాలేదు, పాటలు పెట్టడానికి సందు లేదనేమో. కానీ మొదటి సినిమాయే నోయిర్ కావాలంటే పక్కనే తమిళంలో 2011లో వచ్చిన 'ఆరణ్య కాండం' చూడండి. త్యాగరాజన్ కుమారరాజా తీసింది, డైరెక్టర్ తొలి చిత్రానికిచ్చే జాతీయ అవార్డు వచ్చింది, థియేటర్లలో మాత్రం జనం రాలేదు.

మేం నలుగురం కలిసి ఫోన్‌తోనే ఇలాంటి సినిమా తీద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి సార్?
— ఫ్రెండ్స్ బ్యాచ్, కరీంనగర్

ముందు మీ దగ్గర ఏముందో కాగితం మీద రాసుకోండి తమ్ముళ్లూ. ఎవరి ఇల్లు పగలు ఖాళీగా ఉంటుంది, ఎవరి మేడ మీదికి వెళ్లొచ్చు, ఎవరికి ఏ వారం సెలవు, ఎవరు కెమెరా ముందు బిగుసుకుపోకుండా మాట్లాడతారు. ఆ తర్వాత కథ. మీరు చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, కథలో ముందు పోలీస్ స్టేషన్ రాసేసి తర్వాత దాని కోసం ఊరంతా తిరుగుతారు. ఇంకొకటి, ఫోన్‌లో ఎన్ని టేకులైనా ఖర్చు ఉండదు కాబట్టి రిహార్సల్ మానేస్తారు, నలభై టేకులు తీసి అందులోంచి ఏరుకుందామనుకుంటారు. వద్దు. ఒక్కో సీనుకి మూడే టేకులని మీకు మీరే రూలు పెట్టుకోండి, అప్పుడు తీసే ముందు ఆలోచిస్తారు. మైక్ కోసం మాత్రం నాలుగు డబ్బులు ఖర్చుపెట్టండి, బొమ్మ మసగ్గా ఉంటే జనం స్టైల్ అనుకుంటారు, మాట వినబడకపోతే లేచిపోతారు. సుత్తి సీను మాత్రం కాపీ కొట్టకండి, అందరూ అదే కొడుతున్నారు.

బ్లాక్ అండ్ వైట్ అనగానే మా నాన్నగారు 'అయితే ఎన్టీఆర్ సినిమా పెట్టు' అంటారు. ఆయన చేత ఇది చూపించేదెలా?
— గృహిణి, రాజమండ్రి

చూపించకండి. ఆయన అడిగింది పెట్టేయండి, ఇది మీరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూసుకోండి. గంటంపావు కూడా పట్టదు, ఆయన సినిమాలో ఇంకా ఇంటర్వెల్ కూడా అయ్యుండదు.