పుల్లయ్య: పుల్లా కాదు, పులుపూ కాదు

మీరు అడిగింది ఇది: బాబు పుట్టాడు, ముత్తాతగారి పేరు పుల్లయ్య అని పెట్టాలని మీ మామగారు పట్టుబడుతున్నారు. ఆ పేరుకి అర్థమేంటి, ఎక్కణ్నుంచి వచ్చింది, ఈ రోజుల్లో ఎవరైనా పెడుతున్నారా, బడిలో ఏడిపిస్తారా?

దీనికి జవాబు రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. నా పేరు పుల్లయ్య. నలభై ఎనిమిదేళ్లుగా మోస్తున్నాను. మా తాత పేరు నాకు పెట్టారు.

చిన్నప్పుడు నేనూ ఇది కట్టెపుల్ల పుల్లే అనుకున్నాను. బక్కగా ఉండేవాణ్ని కాబట్టి క్లాసులో అందరూ అదే అనుకున్నారు. ఎండాకాలం వస్తే ఐస్‌పుల్ల అయ్యేవాణ్ని. పుల్లటి మజ్జిగ పుల్ల అనుకునేవాళ్లు ఇంకో బ్యాచి. అసలు సంగతి నాకు తొమ్మిదో పదో ఏట తెలిసింది. మాది పల్నాడులో ఒక పల్లె. ఏదో పెళ్లికి వెళ్లాం. బంతి లేచాక పందిరి వెనక్కి విస్తరాకులు తీసుకెళ్లి పడేస్తున్నారు, కుక్కలు మూగుతున్నాయి. నా పేరుకి అర్థమేంటని ఎందుకో అప్పుడే నాయనమ్మని అడిగాను. నాయనమ్మ మా తాత పేరు నోటితో పలకదు, మొగుడి పేరు కదా. పక్కన పడి ఉన్న ఎంగిలి విస్తరాకు ఒకటి వేలితో చూపించి, "ఇదిగో, ఇదే మీ తాత పేరు" అంది. దాని మీద సగం కొరికిన గారె ముక్క, కారిన పప్పు, అరటిపండు తొక్క ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది.

పుల్లాకు, పుల్లి విస్తరి అంటే తిని వదిలేసిన విస్తరాకు. ఇప్పుడు బఫే భోజనాలు వచ్చాక ఆ మాటే వినపడటం మానేసింది గానీ, మా పెద్దవాళ్లకి అది రోజువారీ మాట. మా తాతకి ముందు ముగ్గురు పుట్టి పురిట్లోనో ఏడాది లోపలో పోయారట. నాలుగోవాడు పుట్టగానే మంత్రసాని బిడ్డని తీసుకెళ్లి, ఎవరో తిని లేచిన ఆకు మీద మూడుసార్లు దొర్లించింది. పక్కింటావిడ వచ్చి, అక్కడ దొరికిన బిడ్డ అన్నట్టు ఎత్తుకుని తెచ్చి తల్లికి ఇచ్చింది. వీడు ఎవరికీ అక్కర్లేని ఎంగిలాకు, పారేస్తే దొరికినవాడు, వీణ్ని తీసుకెళ్లి ఏం చేసుకుంటావ్ అని మృత్యువుతో చెప్పడం అన్నమాట. దేవతలు ఎంగిలి ముట్టరు కదా అన్న లెక్క కూడా ఉంది అందులో. మా తాత ఎనభై రెండేళ్లు బతికాడు. ఆకు మహిమ అని నేనన్ను, నాయనమ్మ మాత్రం అనేది.

ఇది ఒక్క పుల్లయ్య సంగతి కాదు. ఇదో పెద్ద కుటుంబం. పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీస్తే పెంటయ్య, ఆడపిల్లయితే పెంటమ్మ. గుప్పెడు తవుడికి పొరుగువాళ్లకి అమ్మేసినట్టు చేసి మళ్లీ తెచ్చుకుంటే తవిటయ్య, తవిటినాయుడు, లేదా ఒట్టి తవుడు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఈ పేర్లు ఎక్కువ. బిచ్చంగా అడిగి తెచ్చుకున్న బిడ్డ బిచ్చయ్య, తెలంగాణలో భిక్షం, భిక్షమయ్య. నల్గొండ నుంచి లోక్‌సభకి వెళ్లిన కమ్యూనిస్టు నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గుర్తున్నాడా? 1996లో నల్గొండ బరిలో 480 మంది నిలబడితే, బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయిన ఆ ఎన్నికలో గెలిచింది ఆయనే. పక్క రాష్ట్రానికి వెళ్తే తమిళంలో కుప్పై అంటే చెత్త, దాన్నుంచి కుప్పుస్వామి. పిచ్చై అంటే భిక్ష. గూగుల్‌ని నడిపే సుందర్ పిచ్చై పేరులో ఉన్న పిచ్చై అదే మాట. మనవాళ్లు పిచ్చయ్య అనగానే పిచ్చి అని నవ్వుతారు, పుల్లయ్య అనగానే పుల్ల అని నవ్వుతారు. రెండూ పొరపాటే.

ఇంకో వాదన కూడా ఉంది, దాచడం ఎందుకు. పశువుల రంగు చెప్పేటప్పుడు పుల్ల అంటే గోధుమ ఎరుపు. పుల్లావు, పుల్లగిత్త అంటారు. నల్లయ్య, ఎర్రయ్య, తెల్లయ్య ఉన్నట్టే ఆ ఛాయలో పుట్టినవాడు పుల్లయ్య అని మా తెలుగు మాస్టారు చెప్పేవారు. కొన్ని ఇళ్లలో నిజంగా అలాగే వచ్చి ఉండొచ్చు. మా ఇంట్లో మాత్రం ఆకే. మీ ఇంట్లో ఏదో తెలియాలంటే ఒక ప్రశ్న చాలు: ఆ ముత్తాతగారికి ముందు పుట్టినవాళ్లు ఎంతమంది బతికారు? ఎవరూ దక్కలేదని చెబితే ఇంక వేరే ఆధారం అక్కర్లేదు.

ఇక పేరు తయారీ సులువు. చివర అయ్య గౌరవానికి. కులాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి తోక మారుతుంది: పుల్లన్న, పుల్లప్ప, పుల్లారెడ్డి, పుల్లారావు. ఆడవాళ్లకి పుల్లమ్మ. కర్నూలులో 1948లో మొదలైన పుల్లారెడ్డి మిఠాయిలు తినని తెలుగువాడు అరుదు. స్వీటు షాపుకి పుల్లారెడ్డి అని పేరేంటని ఎవరూ అడగరు చూడండి. పేరు ముందు పని నిలబడితే అంతే మరి.

సినిమాల్లో అయితే మాకు ఇద్దరు పెద్దవాళ్లున్నారు. చిత్తజల్లు పుల్లయ్య లవకుశని 1934లో ఒకసారి తీసి, మళ్లీ రంగుల్లో మొదలుపెట్టారు. దాన్ని ఆయన కొడుకు సి.ఎస్.రావు పూర్తిచేస్తే 1963లో వచ్చింది. పోలుదాసు పుల్లయ్య వేంకటేశ్వరస్వామి కథని 1939లో ఒకసారి, 1960లో ఎన్టీఆర్‌తో ఇంకోసారి తీశారు. ఇద్దరు పుల్లయ్యలూ తీసిన కథనే మళ్లీ తీశారన్నమాట. చెప్పిన పని రెండుసార్లు చేయడం మా పేరులోనే ఉందేమో.

ఎందుకంటే సామెత కూడా అలాంటిదే. పుల్లయ్య వేమవరం వెళ్లొచ్చినట్టు. "రేపు పుల్లయ్యని వేమవరం పంపాలి" అని యజమాని రాత్రి ఎవరితోనో అంటే, అది విన్న పుల్లయ్య కోడి కూయకముందే లేచి వేమవరం వెళ్లి వచ్చేశాడు. పనేంటో అడగలేదు. ఎందుకెళ్లావురా అంటే, తమరే అన్నారుగా అన్నాడు. హైస్కూల్లో మా లెక్కల మాస్టారు నేను ఎప్పుడు ఆలస్యంగా వచ్చినా "వేమవరం వెళ్లొచ్చావా నాయనా" అనేవారు, క్లాసంతా గొల్లు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అదే జోకు. ఐదేళ్లలో ఆయన కొత్తది ఒక్కటీ కనిపెట్టలేకపోయారు.

కాబట్టి ఏడిపిస్తారా అంటే, ఏడిపిస్తారు. అబద్ధం చెప్పను. కానీ ఇప్పటి పిల్లలకి పుల్లాకూ తెలీదు, వేమవరమూ తెలీదు. ఇంగ్లిష్ మీడియం బడిలో ఆ పేరు వాళ్లకి వింతగా మాత్రమే వినిపిస్తుంది. నాకు పెద్దయ్యాక వచ్చిన చిక్కులు వేరు. ఇంగ్లిష్‌లో నా పేరు పదోతరగతి సర్టిఫికెట్లో ఒకలా, పాన్ కార్డులో ఒకలా ఉండేది. ఒకదాంట్లో చివర హెచ్ ఉంది, ఇంకోదాంట్లో వై. పాస్‌పోర్ట్ కోసం ఆ ఒక్క అక్షరం సరిచేయించడానికి నాలుగు నెలలు తిరిగాను. మీరు ఏ పేరు పెట్టినా స్పెల్లింగ్ మొదటిరోజే తేల్చుకుని అన్నిట్లో అదే రాయించండి.

పెళ్లి చూపుల్లో ఒకాయన "పేరేమన్నా మార్చుకునే ఉద్దేశం ఉందా బాబూ" అని మెల్లగా అడిగాడు. ఆ సంబంధం కుదరలేదు, పేరు వల్ల కాదులెండి. తర్వాత నా పెళ్లి శుభలేఖ అచ్చయి వచ్చినప్పుడు చూశాను: చి. పుల్లయ్య. మొదట సినిమా డైరెక్టరు గుర్తొచ్చి నవ్వుకున్నాను. తర్వాత అనిపించింది, చిరంజీవి అన్నా పుల్లయ్య అన్నా కోరిక ఒకటేగా. నూరేళ్లు బతకమని నోరారా అంటే చిరంజీవి. పైకి అంటే ఎవరి కన్ను పడుతుందోనన్న భయంతో చాటుగా అంటే పుల్లయ్య. అప్పటి నుంచి ఆ పేరు గురించి సిగ్గుపడటం మానేశాను.

ఇప్పుడు పెడుతున్నారా అంటే, దాదాపు లేరు. మా ఊరి ఓటర్ల జాబితాలో సరదాగా వెతికితే అరవై దాటినవాళ్లలో నలుగురైదుగురు పుల్లయ్యలు, పుల్లమ్మలు కనిపించారు. నా వయసువాణ్ని నేనొక్కణ్నే. నాకన్నా చిన్నవాళ్లు లేరు. ఫ్యాషన్ మారడం ఒక కారణం, సరే. అసలు కారణం ఆ పేరుతో పని పడకపోవడం. వందేళ్ల కిందట మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో సుమారు 200 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. ఇప్పుడు ఆ సంఖ్య 30 లోపుకి దిగింది. పుట్టిన బిడ్డ దక్కుతాడనే నమ్మకం ఉన్నప్పుడు పెంటకుప్పతో, ఎంగిలాకుతో బేరమాడాల్సిన అవసరం ఏ తల్లికీ లేదు. ఈ పేరు కనుమరుగైతే బాధపడాలో సంతోషించాలో నాకే తెలీదు.

మీకు నా సలహా. బారసాలకి బియ్యంలో రెండు పేర్లు రాయండి, ఒకటి పుల్లయ్య, ఒకటి మీకు నచ్చింది. మా అబ్బాయికి మేం అదే చేశాం. కాగితాల్లోకి ఏది ఎక్కించాలో తేల్చుకోవడానికి టైముంది. పుట్టిన వివరం నమోదు చేయించేసి పేరు ఖాళీ ఉంచినా, ఏడాది లోపల ఫీజు లేకుండా చేర్పించొచ్చు, ఆ తర్వాత కూడా పదిహేనేళ్ల దాకా ఆలస్య రుసుము కట్టి చేర్పించొచ్చు. అందుకని ఇంట్లో గొడవలొద్దు. పేరు వద్దనుకుంటే వద్దనే చెప్పండి, "పాత పేరు, ఏం బాగుంటుంది" అని మాత్రం అనకండి. మీ మామగారికి అది వాళ్ల నాన్న బతికి బట్టకట్టిన కథ.

పెట్టాలనుకుంటే మాత్రం ఒక ముద్దుపేరు కూడా ఇప్పుడే చూసుకోండి. మీ అత్తగారికి అది మామగారి పేరు, పాతకాలం మనిషైతే ఆవిడ నోటికి రాదు. మా ఇంట్లో నాయనమ్మా పలకలేదు, అమ్మా పలకలేదు. ఊరంతా నన్ను పుల్లయ్యా అని పిలుస్తుంటే, ఇంట్లో మాత్రం ఇప్పటికీ నేను చిన్నయ్యనే.