తాళం ఎవరిది?

చిరంజీవికి ఆశీస్సులు.

హన్మకొండ నయీంనగర్‌లోని కిరాయి ఇండ్ల గురించి నీవు ఇంగ్లిషులో రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తే చదివేవారికి విసుగు పుడుతుందని కాబోలు, ఒకే ఇంటిని ఒకచోట ఎంప్టీ అనీ, మరోచోట వేకెంట్ అనీ, ఇంకోచోట అనాక్యుపైడ్ అనీ రాశావు. మన ‘ఖాళీ’ ఈ మూడింటికీ సరిపోతుంది కనుక నీకవి ఒకటే అనిపించి ఉంటాయి. ఇంగ్లిషులో మాత్రం అవి వేర్వేరు స్థితులు.

ఎంప్టీ కంటికి కనబడేదాన్ని చెబుతుంది: లోపల సామాన్లు లేవు, లేదా ఆ సమయానికి మనుషులు లేరు. పొద్దున అందరూ పనులకు వెళ్లిన ఇల్లు కూడా ఎంప్టీయే, కానీ దాన్ని వేకెంట్ అనరు. పాత కిరాయిదారు సామాన్లతో సహా వెళ్లిపోయి, కొత్తవారింకా రాని ఇల్లు వేకెంట్. అనాక్యుపైడ్ దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. వేసవి సెలవులకు విద్యార్థులు ఊళ్లకు పోతారు. మంచాలు, పుస్తకాలు గదిలోనే ఉంటాయి, తాళం వారిదే, కిరాయి కూడా నడుస్తూనే ఉంటుంది. అటువంటి గది అనాక్యుపైడ్. దాన్ని వేకెంట్ అని రాస్తే, దాన్ని ఇంకొకరికి ఇవ్వవచ్చునని చదివేవారు నమ్ముతారు.

1960 నాటి మన అద్దె నియంత్రణ చట్టాన్ని ఒకసారి తెరిచి చూడు. ఇల్లు వేకెంట్ అయితే యజమాని 10 రోజుల్లో అధికారికి రాతపూర్వకంగా తెలపాలని 3వ సెక్షన్ చెబుతుంది. సహేతుకమైన కారణం లేకుండా కిరాయిదారు వరుసగా 4 నెలలు అందులో నివసించడం మానేస్తే, అతన్ని ఖాళీ చేయించమని యజమాని కోరవచ్చునని 10వ సెక్షన్ చెబుతుంది. ఈ రెండో ఇల్లు అప్పటికే వేకెంట్ అయి ఉంటే ఖాళీ చేయించమని అడిగే అవసరమే రాదు కదా! అందుకే అక్కడ వేకెంట్ అనకుండా ‘ఆక్యుపై’ చేయడం మానేయడం అని రాశారు. ఇంత చక్కటి తేడాను పాటించిన ఆ ముసాయిదాకారుల మీద నాకు గొప్ప గౌరవం. అమెరికాలోని ఇంటి బీమా వ్యవహారాల్లోనూ మనుషులు లేక సామాన్లున్న ఇల్లు అనాక్యుపైడ్, రెండూ లేనిది వేకెంట్.

అవైలబుల్, అంటే కిరాయికి దొరికేది, దాని సంగతి వేరు. వచ్చే నెల ఖాళీ కాబోయే ఇంటికి ఇప్పుడే టులెట్ బోర్డు కడతారు. అన్నదమ్ముల తగాదాలో ఉన్న ఇల్లు ఏండ్ల తరబడి వేకెంట్‌గా ఉన్నా కిరాయికి దొరకదు.

నీ మూడవ పేరాలోని మేడమీది వాటా విషయంలో తాళం ఎవరిదో, సామాన్లు ఎవరివో, కిరాయి నడుస్తున్నదో లేదో ఇంటాయనను అడిగి తెలుసుకో. తేలిన మాటనే వ్యాసం చివరిదాకా వాడి, నాకు మళ్లీ పంపించు.